తడిమట్టి దగ్గర ఆగిన నీలం చుక్క

కరోనా తగ్గాక వచ్చిన రెండో మామిడి పూతకాలం. శ్రీనివాసపురం తాలూకా గౌనిపల్లి దగ్గర, వెంకటలక్ష్మమ్మ తోటలో నాకు తేనెటీగల సర్వే పని.

మేం గమనిస్తున్నవి మేసన్ బీలు. ఇవి తేనెపట్టు పెట్టవు. ఒంటరిగా బతుకుతూ, సన్నని గొట్టాల్లో గుడ్లు పెట్టి మధ్యమధ్య మట్టిగోడలు కట్టి, చివర మట్టి మూత వేస్తాయి. చెట్లకు వెదురు గొట్టాలు వేలాడదీసి, ఒక్కో ఈగ వీపున రంగు చుక్క పెట్టి, ఎటు పోయింది, ఎప్పుడు తిరిగొచ్చింది రాసుకునేదాన్ని.

పూత నిండుగా ఉన్న వారంలోనే అవి తిరిగి రావడం తగ్గింది. గోడలు సగంలో ఆగిపోయాయి. రెండు రోజుల ముందు పక్కతోటలో పురుగుమందు కొట్టారు. అది వెంకటలక్ష్మమ్మ బావగారు నారాయణప్పది. ఆమె అడిగితే, ఆలోచించకుండా ఆ మందు వల్లే అయ్యుంటుందని చెప్పేశాను.

రెండు తోటలకూ బోరు ఒకటే. ఇళ్ల మధ్య మాటలు అంతంతమాత్రం. మర్నాడు వెళ్లేసరికి ఆమె బోరు గది తాళంచెవి కొంగున ముడేసుకుని కూర్చుంది. ఇక పక్కతోటకు నీళ్లు వదలనని నారాయణప్పకు కబురు పంపిందట. ఆయన కొడుకులతో బయలుదేరాడని కూలివాళ్లు చెప్పారు.

"నువ్వు చూసింది ఆయన ముందర చెప్పమ్మా," అంది.

నేను చూసింది ఏమీ లేదు. కాసేపు ఆగమని బతిమాలి, నీలం చుక్క ఉన్న ఈగ బయటికి రాగానే దాని వెంట పడ్డాను. అది పక్కతోట వైపు పోలేదు. బోరు దగ్గర తడిమట్టి మీద వాలి, చిన్న ఉండ చుట్టి, లేవబోయి ఒరిగిపోయింది. పక్కనే ఇంకొన్ని చచ్చిపడి ఉన్నాయి. మట్టి మందు వాసన కొడుతోంది.

తల ఎత్తేసరికి నారాయణప్ప, కొడుకులు ఎదురుగా ఉన్నారు. స్ప్రే డబ్బా ఇక్కడ ఎవరు కడిగారని అడిగాను.

"నేనే," అంది నా వెనకే వచ్చిన వెంకటలక్ష్మమ్మ. "టమోటాకి మందు కొట్టి ఈడే కడిగినాను."

"తప్పు నాదక్కా. చూడకుండానే చెప్పినాను," అన్నాను.

నారాయణప్ప వంగి చచ్చిన ఈగల్ని చూశాడు. "ఇంగ ఈ మట్టిని ఏం చేయాల?" అన్నాడు.

ఆ మట్టి గీకి దూరంగా గుంట తీసి పూడ్చాం. వేరేచోట శుభ్రమైన మట్టి తడిపి పెట్టాం. వారం తిరిగేసరికి కొన్ని గొట్టాలకు మట్టి మూతలు పడ్డాయి, చాలావాటికి పడలేదు.

రైతు ఎదురుగా నిలబడి "తెలియదు" అనడం చిన్నతనంగా ఉంటుంది. ఆ చిన్నతనానికి జడిసి, ఆ రోజు రెండిళ్లను కొట్టుకునేదాకా తెచ్చాను. ఇప్పుడు ఎవరడిగినా ముందు ఆ మాటే చెప్పి, తర్వాత ఈగ వెంట నడుస్తాను.