అంచు వంకరపోయిన చాప

మా సోషల్ టీచరుగారు పోయారని మొన్న మంగళవారం పొద్దున ఫోనొచ్చింది. చేసింది నాతో చదువుకున్న అమ్మాయి. బందరులో టీచరుగారి ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది. నిద్రలోనే పోయారట. ముందు రోజు సాయంత్రం కూడా పక్కింటి పిల్లల్ని అరుగు మీద కూర్చోబెట్టుకుని ఉల్లిపాయల గురించి చెప్పారట. ఏ ఉల్లిపాయలని నేను అడగలేదు. వేల ఏళ్ళ కిందట నైలు నది ఒడ్డున పనికి వెళ్ళిన మనిషి మూటలో రొట్టె పక్కన ఉన్న ఉల్లిపాయలవి. వాటి గురించి ఎనిమిదో తరగతిలో నేనూ నోరు తెరుచుకుని విన్నాను.

ఇప్పుడు నేను పామర్రులో ఉంటున్నాను, మా అమ్మ నాతోనే ఉంటుంది. సంగతి చెప్పగానే అమ్మ పొయ్యి కట్టేసింది. చీర మార్చుకుని వచ్చి, బస్సు ఎన్నింటికని అడిగింది.

మాది నాగాయలంక దగ్గర పల్లె. టీచరుగారు మా బడికి వచ్చినప్పుడు ఈజిప్టు పాఠం పిరమిడ్ బొమ్మతో మొదలయ్యేది. ఆవిడ ఆ పేజీ తిప్పేశారు. "రాజుల సంగతి తర్వాత చూద్దాం. పొద్దున్నే లేచి పొయ్యి ముట్టించిందెవరో ముందు కనుక్కోండి" అన్నారు. అక్కణ్ణించి మాకు రోజూ పండగే. వాళ్ళు ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు, పిల్లలు ఏం ఆడుకున్నారు, ఇవే పాఠాలు. తలకింద దిండు బదులు చెక్క పెట్టుకునేవారంటే మేం ఇంటికెళ్ళి పీట పెట్టుకుని పడుకుని మెడలు పట్టేయించుకున్నాం. రొట్టెల్లో ఇసుక కలిసి వాళ్ళ పళ్ళు అరిగిపోయేవని చెప్పారు. ఇక మధ్యాహ్నం అన్నంలో ఎవరికి రాయి తగిలినా "ఈజిప్టు వచ్చిందర్రా" అనడం మా బడంతా అలవాటైపోయింది. ఇంట్లో పిల్లి చనిపోతే వాళ్ళు కనుబొమలు గొరిగించుకునేవారని చెప్పిన వారానికే మా క్లాసువాడొకడు నున్నటి ముఖంతో వచ్చాడు. హెడ్మాస్టరుగారు టీచరుగారిని పిలిచి గట్టిగానే అడిగారు. ఆవిడ తిరిగొచ్చి, ముందు వాడి దగ్గరకు వెళ్ళి, పిల్లి పేరేమిటని అడిగారు.

వరద గురించి చెప్పినరోజు ఇంకా గుర్తుంది. "వరదొస్తే మనం ఏడుస్తాం. రాకపోతే వాళ్ళు ఏడ్చేవాళ్ళు" అన్నారు. నీళ్ళు తీశాక పొలం మీద మిగిలే నల్లటి ఒండ్రే వాళ్ళ బువ్వ అని చెబుతుంటే, మా ఊరి వెనక కాలవగట్టు మీది బురదను నేను మొదటిసారి మర్యాదగా చూశాను.

ఆ ఏడాదే నా చదువు ఆగిపోబోయింది.

మా అమ్మ తుంగ చాపలు నేసేది. చాపల మగ్గానికి ఇద్దరు కావాలి. ఒకరు తుంగ పోచను పుల్లకు తగిలించి దారాల మధ్యకు పంపుతుంటే, రెండోవాళ్ళు చెక్కతో దాన్ని బిగిస్తారు. పోచ పంపేది మా అక్క. ఆ వేసవిలో అక్కకి పెళ్ళయి పెడన వెళ్ళిపోయింది. నాన్న చేపల చెరువుల మీద పనికి వెళ్ళేవాడు. ఇంక మిగిలింది నేనే. రేపు బడికొచ్చి టీసీ తీసుకుంటానని అమ్మ చెప్పేసింది. నేను అన్నం మానేసి చూశాను. మా అమ్మ అలాంటివాటికి లొంగే మనిషి కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే టీచరుగారు మాచేత కాగితం చేయిస్తున్నారు. ఈజిప్టువాళ్ళు నీటి ఒడ్డున పెరిగే ఒక మొక్క నుంచి కాగితం చేసుకున్నారట. అది మన తుంగకు దాయాదేనని, దాని కాడ కూడా మూడు పలకలుగా ఉంటుందని చెప్పారు. తుంగ అనగానే అందరూ నావైపు తిరిగారు. నా పుస్తకాలకు ఆ వాసన ఉండేదని ఎవరూ నా పక్కన కూర్చునేవారు కాదు. తలెత్తలేకపోయాను. టీచరుగారు మాత్రం మీ ఇంటి నుంచి ఒక కట్ట తెస్తావా అని, పెద్దవాళ్ళని అడిగినట్టు అడిగారు.

నేయడానికి చీల్చి ఎండబెట్టిన పోచల కట్ట తీసుకెళ్ళాను. నానబెట్టాం. అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస పేర్చి, రాళ్ళతో బాది, బరువు పెట్టాం. మూడుసార్లు చేశాం. ఆరిన ప్రతిసారీ అది చాప ముక్క అయిందే గాని కాగితం కాలేదు. పుస్తకంలో ఇంతే ఉందర్రా, మిగతాది నాకు తెలియదు అని టీచరుగారు ఒప్పేసుకున్నారు. తెలియదని చెప్పిన టీచర్ని నేను అప్పటిదాకా చూడలేదు.

అమ్మ వచ్చేసరికి మేం నాలుగోసారి బాదుతున్నాం. హెడ్మాస్టరుగారు లేరని అమ్మ మా క్లాసు గుమ్మం దగ్గర నిలబడింది. గోడకు ఒక బొమ్మ అంటించి ఉంది. ఈజిప్టులో ఏదో సమాధి గోడ మీద వేసిన బొమ్మట. నేల మీద కూర్చున్న మనిషి, చేతిలో పొడుగాటి కాడ. అమ్మ దానివైపే చాలాసేపు చూసింది. చూసి చూసి, పైట సర్దుకుని లోపలికి వచ్చింది.

"టీచరుగారండీ, ఆ పెద్దమనిషి తొక్క వొలిచి పక్కన పడేస్తన్నాడు చూడండి. మీరేమో తొక్క పేరుస్తన్నారు."

క్లాసంతా బొమ్మవైపు తిరిగింది. నిజమే. మూడు వారాలుగా మేం చూస్తున్న బొమ్మ. మా దివిసీమలో తుంగంటే పైతొక్కే. లోపలి తెల్లటి బెండు గీకి గట్టు మీద పోస్తాం, దాన్ని గేదె కూడా ముట్టదు. అందుకే మాకెవరికీ ఆ ఊహే రాలేదు.

"మేం పారేసేదేనండీ వాళ్ళు దాచుకుంది," అంది అమ్మ.

టీచరుగారు తన కుర్చీ తెచ్చి అమ్మకు వేశారు. అమ్మ దాన్ని జరిపి నేల మీదే కూర్చుంది. కాలవలోంచి పచ్చికాడలు తెప్పించి, తొక్క ఒలిచి, సన్నటి బెండును చాకుతో రేకులుగా తీసి పేర్చింది. ఆ చేతులు నేను రోజూ చూసేవే. అయినా బొమ్మలో మనిషి చేతులూ మా అమ్మ చేతులూ ఒకే పని చేస్తుంటే అటూ ఇటూ మార్చి మార్చి చూశాను. టీచరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఇన్నేళ్ళ నుంచి ఈ పాఠం చెబుతున్నానమ్మా. ఇవాళ నేర్చుకున్నాను" అన్నారు.

వచ్చిన పని చెప్పకుండానే అమ్మ వెళ్ళిపోయింది. రెండు రోజుల తర్వాత బరువు తీసి చూశాం. అరచేయంత ముక్క. గోధుమరంగు, గరుకు. కాని కాగితమే. అమ్మకు కబురుచేసి, ఆవిడ వచ్చాక టీచరుగారు పెన్ను తీసి ఏం రాయమంటారని అడిగారు. అమ్మ సిగ్గుపడి, పిల్ల పేరు రాయండి అంది. సిరా కాస్త పాకింది గాని నా పేరు పడింది. అప్పుడు చెప్పింది అమ్మ, ఆ పేరు రిజిస్టర్లోంచి కొట్టేయించడానికి వచ్చానని, మగ్గానికి రెండో మనిషి లేదని.

టీచరుగారు చదువు గొప్పతనం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. "ఆదివారాలు నాకు పనుండదు. నేనొస్తాను. మిగతా రోజులు సాయంత్రం అది కూర్చుంటుంది" అన్నారు. మీరు చాప నేయడమేంటండీ అని అమ్మ కంగారుపడింది. మొన్న నేర్పారుగా, ఇదీ నేర్పండి అన్నారావిడ.

నా పదో తరగతి అయ్యేవరకు వచ్చారు. అప్పట్లో ఆవిడ అద్దెకుండే నాగాయలంక నుంచి ఆదివారం పొద్దున సైకిలు మీద దిగి, కొంగు బిగించి మగ్గం పక్కన కూర్చునేవారు. పోచ పంపుతూ అమ్మకు ఈజిప్టు అంతా చెప్పారు. నాకంటే అమ్మకే ఎక్కువ వచ్చు. అక్కడా ఆడవాళ్ళు వంగి పిండి విసిరి విసిరి నడుములు పడిపోయేవారని ఎముకల్ని బట్టి తెలిసిందంటే, అమ్మ తన నడుం తడుముకుంది. ఒకరోజు వాళ్ళ చాపల గురించి చెబుతుంటే, అవి నేసినావిడ పేరేంటండీ అని అడిగింది. ఎవరూ రాయలేదమ్మా అన్నారు టీచరుగారు.

"అంత కాగితం చేసుకుని, చేసినోళ్ళ పేరు రాసుకోలేదా," అంది అమ్మ.

మిగిలిన ఆ పూటంతా టీచరుగారు పోచలు పంపుతూనే ఉన్నారు, ఆవిడ పరధ్యానానికి చాప ఒక అంచు వంకరపోయింది. ఇది అమ్మితే నా పరువు పోద్ది, మీరే ఉంచుకోండి అని అమ్మ ఆ చాప ఆవిడకే ఇచ్చేసింది. తీసుకునే ముందు టీచరుగారు దాన్ని తిరగేసి, మూలన నల్ల సిరాతో పైన మా అమ్మ పేరు, కింద తన పేరు రాశారు. అమ్మకు చదవడం వచ్చిన మొదటి రెండు మాటలు అవే. ఈ రోజుకూ అంతకుమించి పెద్దగా రావు.

మేం బందరు చేరేసరికి వీధి నిండా జనం. అందులో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు పీట మీద తల పెట్టి పడుకున్నవాళ్ళే. చనిపోయినవాళ్ళకు తోడుగా ఈజిప్టువాళ్ళు దువ్వెన, రొట్టె, గిన్నె, రోజూ వాడుకున్నవి పెట్టేవారని చెప్పినరోజు, మీరేం పట్టుకెళ్తారు టీచర్ అని మేం అడిగాం. ఆవిడ నవ్వి, అప్పటికి నా కింద ఏముంటే అదే అన్నారు.

హాల్లో ఆవిడను పడుకోబెట్టిన చాప రంగు వెలిసి, నడిమధ్య చిరిగి ఉంది. పాతదని, తీసేసి కొత్తది వేద్దామని ఎవరో అంటున్నారు. మా అమ్మ అందరినీ తప్పించుకుని ముందుకెళ్ళి కూర్చుంది. అంచు మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా జరుపుకుంటూ పోయింది. వంకర దగ్గర ఆగింది.

"ఇది మార్చకండి," అంది. "ఇది ఆవిడ చెయ్యి."

మూల తిరగేసింది. సిరా చాలావరకు వెలిసిపోయింది. అమ్మ పైమాటను వదిలేసి, కింది మాట మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, బడిపిల్లలా పైకి చదివింది. టీచరుగారిని చాపతో సహా ఎత్తారు. వీధి మలుపు తిరిగేదాకా ఆ వంకర అంచు పాడె పక్కన వేలాడుతూ కనబడుతూనే ఉంది.