గ్రిప్ అంటే ఏంది?

మా అన్న మేట్టుపాళయంలో ఒక చిన్న వర్క్‌షాపులో ఫిట్టరు. ఇరవై ఏళ్లకు పైగా స్పానర్లు తిప్పిన చెయ్యి ఆయనది. ఒకరోజు పొద్దున ఆ చేతిలోంచి టీ గ్లాసు జారి పగిలింది. వారం తిరక్కుండానే ఇంకొకటి. మూడోది కూడా పగిలాక వదిన స్టీలు గ్లాసు తెచ్చి ముందు పెట్టింది.

కదిర్కామం ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. డాక్టరమ్మ తన రెండు వేళ్లు చాచి గట్టిగా పట్టుకోమంది. అన్న పళ్లు బిగబట్టాడు, మెడ నరాలు ఉబ్బాయి. ఆవిడ వేళ్లు మాత్రం సులువుగా బయటికొచ్చేశాయి. కాగితం మీద ఏదో రాసింది.

"ఏంది పాపా రాసినాది ఆయమ్మ?" అన్నాడు బయటికి రాగానే.

"గ్రిప్ తగ్గిందని రాసింది అన్నా."

"గ్రిప్ అంటే ఏంది? ఇంగ్లీషు టీచరమ్మవి కదా, బాగా చూసి చెప్పు."

ఆ సాయంత్రం నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను. పాత ఇంగ్లీషులో ఆ మాటకు పిడికిలి పట్టు అని, పిడికెడు అని అర్థాలు. కడుపులో మెలిపెట్టే నొప్పికి వాడే గ్రైప్ కూడా ఆ వేరు నుంచి వచ్చిందే. మా పిల్లలకు పట్టిన గ్రైప్ వాటర్‌లో ఉన్నది అదే మాట. మా వీధిలో ఫ్రెంచి ప్రభుత్వ పెన్షన్ తీసుకునే తాత జలుబు జ్వరాన్ని గ్రిప్ అంటాడు. అదీ పట్టుకోవడం లోంచి పుట్టిందేనట. ఇదంతా క్లాసులో పాఠం చెప్పినట్టు హుషారుగా అన్నకు చెప్పాను. ఆ హుషారు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అన్న చివరిదాకా విన్నాడు. "మన మాటలోనూ అంతే కదా పాపా. చెయ్యి పట్టినా పట్టడమే, శని పట్టినా పట్టడమే. ఇడిపించుకునేదానికి ఏం మాట ఉండాది, అది చూడు" అన్నాడు.

నేను చూడలేదు.

నరాలు చచ్చిపోతున్నాయని, మందు లేదని తర్వాత తేలింది. పనికి వెళ్లడం ఆగిపోయింది. చొక్కా గుండీలు వదిన పెట్టసాగింది. అన్నం ముద్ద నోటిదాకా రావడం మానేసింది. మీసాలున్న మనిషి, భార్య చేతి ముద్దకు నోరు తెరిచేటప్పుడు కళ్లు మూసుకునేవాడు.

పోయిన నెల మళ్లీ ఆసుపత్రికి వెళ్లాం. ఇకమీదట జబ్బు గొంతుకు వస్తుందని, మింగడం, మాట్లాడడం పోతాయని నన్ను పక్కకు పిలిచి చెప్పారు. కాగితం మీదా అదే రాసిచ్చారు.

ఆటోలో అన్న అడిగాడు. "ఏం రాసినారు పాపా?"

"ఏదో డాక్టర్ల ఇంగ్లీషు అన్నా. నాకూ అర్థం కాలే."

అన్న నా ముఖంలోకి కొంతసేపు చూశాడు. ఇల్లు చేరేదాకా రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు.