ఎదురింటి మామ పగటి నిద్ర

నా చిన్నప్పుడు మా లైన్లో పగటిపూట పిల్లలకు నోరుండేది కాదు. బంగారు గనులున్న మా చాంపియన్ రీఫ్స్‌లో గని కార్మికుల ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని వరసగా ఉండేవి. ఆ వరసలనే లైన్లు అనేవాళ్లం. ఇంటికీ ఇంటికీ నడుమ గోడలు తడికెలే, పైన సున్నం పూత. ఈ ఇంట్లో దగ్గితే ఆ ఇంట్లో వినబడేది. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మగవాళ్లు పొద్దున్నే ఇంత తిని, తలుపేసుకుని పడుకునేవాళ్లు. వాళ్లు లేచేదాకా మేము గుసగుసగా ఆడుకోవాలి, కొట్లాడుకోవాలన్నా గుసగుసగానే. గనులు సర్కారు చేతికి వచ్చాక చాలా మారిందని పెద్దవాళ్లు చెప్పుకునేవాళ్లు గానీ ఈ పద్ధతి మాత్రం అలాగే ఉండిపోయింది.

మా ఎదురింటి మామ అంటే పిల్లలందరికీ హడల్. గనిలో పైనుంచి రాయి రాలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. ఎప్పుడు చూసినా రాత్రి షిఫ్టే. ఒకసారి వాళ్ల గుమ్మం ముందు గోలీలాడుతూ ఎవడో కేరింత కొడితే, మామ తలుపు తీసి చెంబెడు నీళ్లు మా అందరి మీదా గుమ్మరించి, ఒక్క మాటైనా అనకుండా మళ్లీ తలుపేసుకున్నాడు. తిడితే ఇంత భయముండేది కాదేమో. అప్పటినుంచి ఆ గుమ్మం ముందు నడవాలన్నా మునివేళ్ల మీదే నడిచేవాళ్లం.

మా ఇంట్లో కరియ అని ఒక నల్ల కుక్క ఉండేది. పిల్లగా ఉన్నప్పుడు మా నాన్న షిఫ్టు నుంచి వస్తూ టిఫిన్ క్యారియర్ సంచిలో వేసుకుని తెచ్చాడు. తిండికి దండగ అని మా అమ్మ వారం రోజులు సణిగి, ఆ తర్వాత తనే దానికి మజ్జిగన్నం కలిపి పెట్టేది. నాకు తోడబుట్టినవాళ్లు లేరు. బడి నుంచి వస్తే నాతో ఉండేది అదే. దానికి లోకంలో భయం లేనిది లేదు. టపాకాయకు భయం, గొడుగుకు భయం, సైకిల్ బెల్లుకు కూడా భయం. ఇలాంటి కుక్క ఇల్లేం కాపలా కాస్తుందని నాన్న నవ్వేవాడు.

ఎండాకాలం సెలవుల్లో ఒకరోజు పొద్దెక్కాక భూమి అదిరింది. మా దగ్గర అది కొత్త కాదు. గనిలో బాగా లోతున రాయి పగిలితే పైన ఇళ్లు ఊగేవి. ఆ రోజు గూట్లోని గిన్నెలు దొర్లి పడ్డాయి, దీపం చిమ్నీ పగిలింది. లైనంతా తలుపులు తెరుచుకుని వీధిలోకి వచ్చింది. మా నాన్నది అప్పుడు పగటి షిఫ్టు, ఆయన కిందే ఉన్నాడు. కాసేపటికి గనిలోకి దిగే షాఫ్టు దగ్గర్నుంచి కబురొచ్చింది, రాయి పగిలింది పనిచేయని చోట, ఎవరికీ ఏమీ కాలేదని. అందరూ ఎవరిళ్లలోకి వాళ్లు వెళ్లిపోయారు. రాత్రి షిఫ్టు వాళ్లు మళ్లీ తలుపులేసుకున్నారు. మా అమ్మ మాత్రం ఆ కబురు నమ్మలేదు. నాన్న పైకొచ్చేదాకా గని గేటు దగ్గరే ఉంటానని, ఇల్లు జాగ్రత్త అని నాతో చెప్పి వెళ్లింది. ఎన్ని కబుర్లొచ్చినా కళ్లతో చూస్తేగాని ఆవిడ ప్రాణం కుదుటపడేది కాదు.

అమ్మ వెళ్లాక చూస్తే కరియ లేదు.

మొదట పొయ్యి వెనక చూశాను. పెరట్లో, కట్టెల చాటున, కొళాయి తొట్టి దగ్గర చూశాను. లైను ఈ చివర నుంచి ఆ చివరిదాకా వెతికాను. గట్టిగా పిలవడానికి లేదు. ప్రతి తలుపు వెనకా ఎవరో ఒకరు నిద్రపోతున్నారు. "కరియా, కరియా" అని గొంతులోనే పిలుచుకుంటూ తిరిగాను. ఆ పిలుపు నా చెవికే సరిగా వినబడలేదు, ఇంక దానికేం వినబడుతుంది. అదిరినప్పుడు బెదిరి ఎటో పరుగెత్తి ఉంటుంది. ఎటు? లైన్లకు అవతల సైనైడ్ దిబ్బలున్నాయి. బంగారం తీశాక మిగిలిన మట్టి కొండల్లా పోసి ఉండేది. వాటి పక్కన నిలిచే నీళ్లు తాగిన మేకలు అక్కడికక్కడే పడిపోయేవని వినేవాళ్లం. అసలే ఎండాకాలం, కుక్కకు దాహమవుతుంది. ఆ ఆలోచన రాగానే లైను నడుమ నిలబడి, ఏం చేస్తున్నానో తెలియకుండా, గొంతు చించుకుని "కరియా" అని అరిచాను.

ఎదురింటి తలుపు తెరుచుకుంది.

మామ లుంగీతో గుమ్మంలో నిలబడ్డాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. చేతిలో చెంబు లేదు, నేను ముందు చూసింది అదే.

"ఏం పాపా, ఎందుకట్ల అరస్తా ఉండావు?"

"కరియ కనపళ్లేదు మామా" అన్నాను. ఆ తర్వాత ఏడుపు ఆగలేదు.

ఆయన తల గోక్కున్నాడు. లైను అటూ ఇటూ చూశాడు. మా అమ్మ ఎక్కడని అడిగితే చెప్పాను. మామ భార్య మామిడికాయల కోతలకని గౌనిపల్లిలోని పుట్టింటికి వెళ్లి ఉంది, లేకపోతే నన్ను ఆవిడకు అప్పజెప్పి మళ్లీ పడుకునేవాడేమో. లోపలికి వెళ్లి చొక్కా తొడుక్కుని, మొహాన నీళ్లు చల్లుకుని వచ్చి తలుపు దగ్గరకేశాడు. "పద, చూద్దాము" అన్నాడు.

దిబ్బల దగ్గరికి వెళ్లగానే నన్ను తుమ్మచెట్టు కింద కూర్చోబెట్టాడు. "నువ్వు రావద్దు, ఈడనే ఉండు" అని ఒక్కడే ఆ నీళ్ల వైపు నడిచాడు. ఆ ఎండలో ఆ తెల్లటి మట్టి మీద ఆయన కాళ్లీడ్చుకుంటూ పోవడం ఇప్పటికీ కళ్లకు కడుతుంది. చాలాసేపటికి తిరిగొచ్చి, "ఆడ లేదు, భయపడొద్దు" అన్నాడు. నేను చూడకూడనిది ఉంటే తను ముందు చూడాలని వెళ్లాడని నాకప్పుడు తోచలేదు.

తర్వాత బజారుకు వెళ్లాం. మాంసం కొట్ల వెనక చూశాం, బస్టాండులో చూశాం. మామ నడుస్తూ నడుస్తూ ఏ మోరీ గట్టు కనబడినా, "రెండు నిమిషాలుండు పాపా" అని కూర్చుని కళ్లు మూసుకునేవాడు. తల వాలిపోయేది, ఉలిక్కిపడి లేచేవాడు. నాకేమో ఒళ్లు మండిపోయేది. కుక్క పోయిందని నేను ఏడుస్తుంటే ఈయనకు కూర్చోబుద్ధి ఎలా పుడుతోందని. పిల్లలకు పెద్దవాళ్ల ఒళ్లు ఇనుముతో చేసినట్టే కనబడుతుంది.

కిరాణా అంగడి ఆయన మామను చూసి, "ఏమప్పా, నైట్ షిఫ్టు కదా నీది? నిద్ర పోకుండా ఎండలో ఏమి తిరుగుతా ఉండావు?" అన్నాడు.

"ఈ పాప కుక్క తప్పిపోయిందన్నా. నల్లది, కాళ్లు తెల్లగా ఉంటాయి. ఇటు వస్తే పట్టి కట్టేసి పెట్టు" అన్నాడు మామ. నాకొక బన్ను కొనిచ్చి, తను టీ తాగాడు. గ్లాసు చేతిలో ఉండగానే కళ్లు మూతలు పడ్డాయి.

పొద్దు వాలింది. షిఫ్టు విడిచే సైరన్ మోగేసరికి మేము లైనులోకి వస్తున్నాం. నాకింక ఏడవడానికి కూడా ఓపిక లేదు. అమ్మ వచ్చేదాకా ఇక్కడ కూర్చో, నీళ్లు తాగుదువుగాని అని మామ తన తలుపు తోశాడు.

మంచం కింద, ట్రంకు పెట్టె వెనక ఏదో కదిలింది. ముందుకాళ్లు చాపి, ఒళ్లు విరుచుకుని, ఆవలిస్తూ కరియ బయటికొచ్చింది.

పొద్దున అందరూ వీధిలోకి వచ్చినప్పుడు తెరిచి ఉన్న ఆ తలుపులో దూరి, ఆ చీకటి మూల నక్కింది. మామ వచ్చి దాని పైనున్న మంచమే ఎక్కి పడుకున్నాడు. నేనంత గట్టిగా పిలిచినా ఆ పిరికిది బెదురు తీరక కదల్లేదు. మేము ఊరంతా తిరుగుతుంటే అది హాయిగా నిద్రపోయింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. దాని మెడ కావలించుకున్నాక మామ సంగతి గుర్తొచ్చి, నీరుగారిపోయి ఆయన వంక చూశాను. మామ మంచం అంచున కూలబడి కుక్కనే చూస్తున్నాడు.

"పోనీలే, ఈ ఇంట్లో ఒకరన్నా నిద్ర పోయినారు" అన్నాడు. అని నవ్వాడు. ఆయన నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి.

అమ్మా నాన్నా వచ్చి సంగతి విన్నారు. అమ్మ నన్ను తిట్టింది. నాన్న మాత్రం మామ మొహమే చూస్తున్నాడు. "ఇట్లనే షిఫ్టుకు పోతావా? ఈ పొద్దు వద్దు, నిలిచిపో" అన్నాడు.

"నేను పోకుంటే నా జతగాడు ఒక్కడే అవుతాడన్నా. ఏం కాదులే" అన్నాడు మామ. చీకటిపడ్డాక, మామూలుగా అందరితోపాటు క్యారియర్ పట్టుకుని వెళ్లిపోయాడు.

అన్నాల దగ్గర నాన్న అమ్మతో మెల్లగా అన్నాడు, "కింద కన్ను మూసేదానికి లేదు. మూసినాడంటే ఇంగ అంతే." నేను వినకూడదనే అన్నాడు, కానీ విన్నాను. పొద్దుటినుంచీ కుక్క కోసం పడిన భయం ఒక ఎత్తు, ఆ మాటతో పట్టుకున్న భయం ఒక ఎత్తు. కుక్క కోసమైతే వెతికాను, తిరిగాను, అరిచాను. దీనికి ఏం చేయాలో తెలియలేదు. కరియ నా పక్కనే పడుకుని ఉంది, దాన్ని నిమరాలని కూడా అనిపించలేదు.

తెల్లవారుతుండగానే వెళ్లి మా గుమ్మంలో కూర్చున్నాను. అమ్మ కరియను పెరట్లో కట్టేసింది, మళ్లీ ఎక్కడికీ పోకుండా. షిఫ్టు దిగిన వాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఇళ్లలోకి వెళుతున్నారు. వాళ్లలో మామ లేడు. వీధి ఖాళీ అయింది. అమ్మ లోపలికి రమ్మని పిలిచినా లేవలేదు. అప్పుడు ఆ చివర మలుపు తిరిగి వచ్చాడు. గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ఒంటినిండా రాతి దుమ్ము, మొహంలో కళ్లు తప్ప మరేమీ తెలియడం లేదు.

నన్ను చూసి ఆగాడు. నా మొహం చూశాడు. నా చుట్టూ చూశాడు, పక్కన కుక్క లేదు. తన తలుపు తీయకుండానే క్యారియర్ గుమ్మం మీద పెట్టేశాడు.

"మళ్లీ యాడికి పోయింది పాపా?" అన్నాడు. ఆ కళ్లలో విసుగన్నది లేదు. అప్పుడే దిబ్బల వైపు తిరిగాడు.

పరుగెత్తి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాను. "ఉండాది మామా, ఇంట్లోనే ఉండాది. నువ్వు వచ్చినావో లేదో చూద్దామని కూచున్నా" అన్నాను. ఆ మాట ఆయనకు వెంటనే ఎక్కలేదు. అర్థమయ్యాక "ఓహో" అన్నాడు. క్యారియర్ తీసుకుని లోపలికి వెళ్లాడు.

పెద్దయ్యాక నేను నర్సునయ్యాను. ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీలు చేశాను. పగటి నిద్ర ఎంత పలచనో, ఒకసారి చెదిరితే మళ్లీ ఎంత బతిమాలినా రాదో అప్పుడు తెలిసింది. వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా నా తలుపే తట్టేవాళ్లు. నాకు కోపం రాలేదని అబద్ధం చెప్పను. వచ్చేది. గొణుక్కుంటూనే లేచేదాన్ని. ఇప్పుడు ఉద్యోగమూ లేదు, ఓపికా లేదు. మోకాళ్లు పట్టేశాయి, మంచం దిగడమే ఒక పని. అయినా తలుపు చప్పుడైతే లేస్తాను. గడియ మీద చెయ్యి వేశాక ఒక్క క్షణం ఆగి, మొహంలోని విసుగంతా తుడిచేసుకుని, అప్పుడు తీస్తాను. లేచి వెళ్లడమైతే మామ దగ్గర నేర్చుకున్నాను గానీ ఆ పొద్దున చూసిన ఆయన మొహం మాత్రం నాకింకా పూర్తిగా పట్టుబడలేదు.