జక్రయ్య భారం

బొల్లవరం చర్చిలో చాపలు పరిచేది జక్రయ్య. ఆరాధన అయ్యాక చుట్టి మూలన పెట్టేదీ అతనే. పెళ్ళికి ముందు మొదలుపెట్టిన పని, కూతురు ఇంటర్‌కు వచ్చినా మానలేదు. మైకు చెడిపోతే అద్దంకి తీసుకెళ్ళి బాగుచేయించేదీ, క్రిస్మస్‌కు తాటిచెట్టెక్కి నక్షత్రం కట్టేదీ, ఎవరైనా పోతే దగ్గరుండి గుంట తవ్వించేదీ అతనే. మిగతా రోజుల్లో పత్తి మిల్లులో బేళ్ళు కట్టేవాడు. పాస్టరు గారు ముసలివారయ్యారు, రేపో మాపో తప్పుకుంటారు. ఆ తర్వాత చర్చి తనదేనని జక్రయ్య నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు గానీ, ఆయన కూర్చునే కుర్చీని మాత్రం మిగతావాటికంటే కాస్త ఎక్కువసేపు తుడిచేవాడు.

కుర్చీ తుడిచినంత మాత్రాన సంఘం చేతికి రాదు కదా. అందుకని మిల్లు మానేసి అద్దంకిలో సేవకుల శిక్షణకు చేరాడు. నలభై దాటాక బడికి పోతున్నావా అని భార్య స్తుతి నవ్వింది. నవ్వినా, మిరప కోతలకు వెళ్ళి ఇల్లు నడిపింది కూడా ఆవిడే. ఆ శిక్షణ నడిపే శాంతి టీచరు గారు హైస్కూల్లో పనిచేసి రిటైరైన మనిషి. ఆవిడ దగ్గర చదువుకు మార్కులున్నాయి, నడవడికీ ఉన్నాయి. చదువులో తప్పితే మళ్ళీ రాసుకోవచ్చు. నడవడిలో తప్పితే మాత్రం ఎంత చదివినా సంఘం ఇవ్వరు.

నడవడి గురించి జక్రయ్యకు బెంగ లేదు. తాగడు, పొగ పీల్చడు, ఒకరి సొమ్ము ఆశించడు. పైగా ప్రార్థనలో అతన్ని మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. లేచి కళ్ళు మూసుకుంటే చాలు, మాట మీద మాట తోసుకుంటూ వచ్చేది. ముసలివాళ్ళు ముక్కులు చీదుకునేవాళ్ళు.

సంఘంలో వాళ్ళకు ఒక మాట ఉంది, భారం అని. నెత్తిన మోసే బరువు కాదది. ఎదుటివాడి కష్టం మనకే వచ్చినట్టు లోపల పట్టుకోవడం, దేవుడి దగ్గర దాన్ని విప్పుకోవాలనిపించడం. చాలా మంచి మాట. అయితే జక్రయ్య చేతిలో పడి దానికి ఇంకో ఉపయోగం కూడా ఏర్పడింది. ఒకసారి వీరమ్మ ఏడ్చుకుంటూ వచ్చి, కొడుకు తాగొచ్చి కొడితే కోడలు పుట్టింటికి వెళ్ళిపోయిందని అతనికి చెప్పుకుంది. ఆదివారం జక్రయ్య లేచాడు. "ప్రభువా, మా వీరమ్మక్క కోడలు అలిగి కనిగిరి వెళ్ళిపోయిన సంగతి నీకు తెలుసు. ఆ పిల్లోడు బెల్టు తీసుకున్న సంగతీ నీకు తెలుసు" అని కళ్ళనీళ్ళతో మొరపెట్టాడు. దేవుడికి తెలిసిన సంగతే. తెలియంది ఊరికి. ఆమెన్ అనేసరికి ఊరికీ తెలిసింది. జక్రయ్యకు మాత్రం తప్పు చేశానని తోచలేదు. తను చేసింది ప్రార్థన కదా.

అలాంటి మనిషికి పోటీగా అదే శిక్షణకు ప్రకాష్ వచ్చాడు. కనిగిరిలో మాలిక్ షెడ్డులో బండ్లు బాగుచేసేవాడు. మారుమనస్సు పొంది ఎంతో కాలం కాలేదు, గోళ్ళలో గ్రీసు ఇంకా వదల్లేదు. శనివారాలు ఇద్దరూ కలిసి బొల్లవరం సంఘానికి వెళ్ళి సేవ చేయాలని, పాస్టరు గారు తప్పుకున్నాక ఇద్దరిలో ఒకరిని అక్కడ పెడతామని టీచరు గారు చెప్పిన రోజున జక్రయ్య అన్నం సగంలో లేచాడు. తన ఊరు, తన చాపలు, తన మైకు. వాటిలో ఈ మెకానిక్‌కు వాటా ఏమిటి?

వాటా అడక్కుండానే దొరికింది ప్రకాష్‌కు. పాట ఎత్తుకుంటే ఆడవాళ్ళు పనులాపి వినేవాళ్ళు. ప్రసంగంలో ఒక ప్రవక్త చేసిన పని ఇంకో ప్రవక్తకు అంటగట్టాడు, ఒక్కరూ పట్టించుకోలేదు. జక్రయ్య పట్టించుకున్నాడు. ఇంటికొచ్చి స్తుతికి చెబితే, "ఎవరు చేస్తే ఏమయ్యా, పని జరిగిందిగా" అంది. ఒకరోజు వాడరేవు చేపలు ఊళ్ళోకి అమ్మకానికొస్తే స్తుతి పులుసు పెట్టింది. నడుముక్క జక్రయ్య ఎదురుగానే ప్రకాష్ కంచంలో వేసింది. పరాయి పిల్లోడు, శిక్షణ హాస్టల్ కూడు తింటున్నాడని ఆవిడ ఉద్దేశం. జక్రయ్య తోకముక్క నములుతూ కూర్చున్నాడు. కూతురు వంటింట్లో కూనిరాగం తీస్తోంది. అదీ ప్రకాష్ నేర్పిన పాటే. అతనికి ఒళ్ళు మండిపోయింది. వాడు మంచివాడు కాకపోయినా బాగుండేది, ఏ చెడ్డపనో చేస్తూ దొరికితే ఇంకా బాగుండేది అనుకున్నాడు. అనుకుని, వెంటనే క్షమాపణ అడిగి, మళ్ళీ అదే అనుకున్నాడు.

శిక్షణలో ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటుంది. ఒక్కొక్కరే లేచి తమ మనవి చెప్పాలి. ఒక శుక్రవారం జక్రయ్య లేచి గొంతు తగ్గించి, "తమ్ముడు ప్రకాష్ గురించి నాకు చాలా భారంగా ఉందండి. సాయంత్రాలు వాక్యం చదవకుండా బజార్లో బండ్ల షాపుల దగ్గర తిరుగుతున్నాడు. పాత జీవితం మీద మనసు పోకుండా అందరం ప్రార్థించాలండి" అన్నాడు. ప్రకాష్ తల దించుకున్నాడు. శాంతి టీచరు గారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "కూర్చో జక్రయ్యా" అని మాత్రం అన్నారు.

ఆ మరుసటి శనివారం ఆవిడ చెప్పాపెట్టకుండా బొల్లవరం వచ్చారు. చర్చికి వెళ్ళకుండా నేరుగా యలమందయ్య మిరప కల్లంలోకి నడిచారు. అక్కడ ఆడవాళ్ళు ఘాటుకు మూతులకు గుడ్డలు కట్టుకుని ఎండుకాయల్లోంచి తెల్లబడిన తాలుకాయలు ఏరుతున్నారు. శనివారం సేవకొచ్చిన జక్రయ్య, ప్రకాష్ అప్పుడు అక్కడే ఉన్నారు. టీచరు గారు తుమ్ముతూనే వీరమ్మ పక్కన గొంతుక్కూర్చుని నాలుగు కాయలు ఏరి, ఊరకే మాటల్లో అడిగినట్టు అడిగారు.

"వీరమ్మా, ఇంట్లో కష్టమొస్తే వీళ్ళిద్దరిలో ఎవరికి చెప్పుకుంటావు?"

"ఈ పిల్లోడికి చెప్తానండి" అంది వీరమ్మ ప్రకాష్‌ను చూపించి.

"అదేంటి, జక్రయ్య మీ ఊరివాడేగా. ప్రార్థన బాగా చేస్తాడంటారే?"

"బాగా చేస్తాడండి. అందుకే చెప్పను."

గుడ్డల వెనక ఆడవాళ్ళు నవ్వారు. వీరమ్మ నవ్వలేదు. ఆవిడ ఎత్తిపొడవాలని అనలేదు, ఉన్నమాట చెప్పి కాయలు ఏరుకుంటోంది. జక్రయ్యకు చెవులు కాలిపోయాయి. ఇంతమంది ముందు, అందులోనూ ప్రకాష్ ముందు. ఆ మాట అనిపించింది ప్రకాషేనని, ముందే నేర్పిపెట్టాడని ఇల్లు చేరేదాకా గొణుక్కున్నాడు. స్తుతి విని, "నేర్పితే అంత బాగా అనదులే వీరమ్మక్క" అంది.

వారం తిరిగాక ఇద్దరూ బొల్లవరం నుంచి అద్దంకి శిక్షణకు ఒకే బండి మీద వస్తుంటే, పత్తి చేల మధ్య ప్రకాష్ బండి ఆపాడు. టైరు చూస్తాడేమో అనుకున్నాడు జక్రయ్య. టైరు బాగానే ఉంది, ప్రకాషే బాగాలేడు.

"అన్నా, ఒక మాట. నాకు ప్రార్థన రావట్లేదు."

"అంటే?"

"జనం ముందు పాడతాను, అడిగితే వాక్యం చెప్తాను. గదిలో ఒక్కణ్ణే మోకాళ్ళేస్తే మాత్రం నోట్లో మాట ఉండదు. చాలా రోజుల నుంచి ఇంతే. భయమేసి షెడ్డుల దగ్గరికి పోయి కూర్చుంటున్నా. ఇట్టాంటోడికి సంఘం ఇస్తే ఎట్టా?"

నిజం చెప్పుకోవాలి. జక్రయ్యకు ఆ క్షణంలో లోపల పండగే అయింది. ఇన్నాళ్ళూ వెతికింది వాడే తెచ్చి చేతిలో పెట్టాడు. ఈ ఒక్క సంగతి టీచరు గారికి తెలిస్తే చర్చి తనది. అయినా పైకి పెద్దమనిషిలా మొహం పెట్టి, "నాకెందుకు చెప్తున్నావురా?" అని అడిగాడు.

"నువ్వు చెప్పేస్తావని, అన్నా" అన్నాడు ప్రకాష్. వెటకారం లేదు ఆ గొంతులో. "శుక్రవారం భారమని లేస్తావుగా. అప్పుడు చెప్పెయ్. నా నోటితో నాకు రాదు."

జక్రయ్యకు చెంప మీద కొట్టినట్టయింది. వీరమ్మ చెప్పనన్నది ఎందుకో, ప్రకాష్ చెప్పింది ఎందుకో, రెండూ ఒకటే. బండి మళ్ళీ కదిలింది.

ఆ వారం అతనికి కూడు సయించలేదు. చెబితే చర్చి వస్తుంది. పైగా వాడే చెప్పమన్నాడు, పాపం కూడా అంటదు. కానీ చెబితే కల్లంలో నవ్విన ఆడవాళ్ళంతా గెలిచినట్టే. చెప్పేస్తాడని ప్రకాష్ ఎంత ధీమాగా ఉన్నాడో తలుచుకుంటే మరీ మండుకొచ్చింది. నేను వీడి మైకునా, స్విచ్ వేస్తే మోగడానికి? ఇంకో ఆలోచన కూడా వచ్చింది, అది అతనికే విచిత్రంగా తోచింది. తను ఊళ్ళో ఇంతకాలం ఉన్నా, ఎవరికీ తెలియని మాట ఒకటి తన దగ్గర ఉండటం ఇదే మొదలు. అది పదిమంది నోళ్ళలో పడుతుందంటే అతనికి మనసొప్పలేదు. ఈ ఆలోచనల్లో మంచితనం ఎంతో, ఓర్వలేనితనం ఎంతో విడదీయడం కథ చెప్పే నా వల్ల కాదు.

శుక్రవారం వచ్చింది. తన వంతు రాగానే జక్రయ్య లేచాడు. ప్రకాష్ కళ్ళు మూసుకుని కాచుకుని ఉన్నాడు.

"ఎవరి గురించైనా భారం ఉందా?" అన్నారు టీచరు గారు.

"ఉందండి."

"చెప్పు."

"చెప్పేది కాదండి."

కూర్చున్నాడు. ప్రకాష్ కళ్ళు తెరిచి అతనివైపు చూశాడు, జక్రయ్య చాప అంచు చూస్తున్నాడు. ఇంకో ఇద్దరు తమ మనవులు చెప్పారు. అప్పుడు ప్రకాష్ లేచాడు. తడబడుతూ, మధ్యలో ఆగుతూ, చేల మధ్య చెప్పిందంతా తనే చెప్పాడు. బొల్లవరం సంగతి తేల్చేముందు ఇది మీకు తెలియాలని చివర్లో అన్నాడు. శాంతి టీచరు గారు, "నాకూ అట్లాంటి రోజులు ఉన్నాయి నాయనా, ఇప్పటిదాకా నేనెవరికీ చెప్పలేదు" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. జక్రయ్య తన జన్మలో అలాంటి ప్రార్థన చేయలేదు, అది అతనికి ఆ నిమిషంలోనే తెలిసింది. తెలిసి, కడుపు ఇంకా మండింది.

బొల్లవరం సంఘం ప్రకాష్‌కు ఇచ్చారు.

టీచరు గారు జక్రయ్యను విడిగా పిలిచారు. "నడవడిలో నువ్వూ గట్టెక్కావు జక్రయ్యా. నువ్వు ఆరోజు నోరు తెరిచి ఉంటే ఆ పిల్లోడు లేచేవాడు కాదు. వాడు నాకు అంతా చెప్పాడు. ఇంకో ఊరు ఖాళీ అయ్యేదాకా ఆగు. నిన్ను పంపిస్తాను, నాకిప్పుడు భయం లేదు."

"మంచిదండి" అని వచ్చేశాడు జక్రయ్య. ఎవరితోనూ ఏమీ అనలేదు, స్తుతితో కూడా. ఆవిడే అటూ ఇటూ విని, నీళ్ళ గ్లాసు చేతికిచ్చి పక్కన కూర్చుంది. నోరు మూసుకున్నందుకు అతనికి నడవడి దక్కింది, ఊరి చర్చి పోయింది. ఈ రెంటిలో నీకేది కావాలి అని ముందే ఎవరైనా అడిగి ఉంటే, జక్రయ్య చర్చే అడిగేవాడు.