మోసేవాళ్ల బుట్టలు

అరకులో టీచరుగా ఉన్న రోజుల్లో, నెట్ సెంటర్లో కూర్చుని వెదురు బుట్టల మీద బ్లాగు రాసేదాన్ని. బుట్టలల్లేది మా బడి వెనకాల ఉండే పెద్దమ్మ. ఆమె ఎవరినీ కొలతలడిగేది కాదు. "ఎవులు మోత్తారు?" అనేది. అది తెలిస్తేనే వెదురు చీరేది.

బ్లాగు చూసి హైదరాబాదు నుంచి మొదటి ఆర్డరు వచ్చింది. పది బుట్టలు, గోడకి తగిలించడానికి. ధర నేనే బాగా పెంచి చెప్పాను.

"మొయ్యని బుట్టకి అడుగు గట్టిగా అల్లక్కర్నేదు. సగం డబ్బులు సాలని రాయి టీచరమ్మా" అంది పెద్దమ్మ.

ఒళ్లు మండింది. అయినా ఆ మాటే బ్లాగులో పెట్టాను. తర్వాత ఆర్డర్లు ఆగలేదు. ప్రతి దాంట్లోనూ బుట్ట ఎవరు మోస్తారో రాసి ఉండేది. నేను చదివితే ఆమె తలూపి కత్తి అందుకునేది.

ఆ బుట్టలు గోడకి వేలాడుతున్న ఫోటోలు చూసి, సగం మంది అబద్ధమే రాస్తున్నారని నాకు తెలిసింది. ఆమెకి మాత్రం చెప్పలేదు.