శనివారం చెప్తానన్న ఇంజిన్

నేను చివరిసారి చూసినప్పుడు మాబన్న చేతులు కడుక్కుంటున్నాడు. గురువారం సాయంత్రం, కువైట్‌లో, సబ్హాన్‌లోని మా వర్క్‌షాపులో. కారు ముందుభాగం కింద నుంచి వీపు మీద జరుగుతూ బయటికొచ్చి, గ్రీజు మీద బట్టల సోపు పొడి చల్లుకుని, గోళ్ళ సందులు కూడా వదలకుండా రుద్దాడు. మర్నాడు రజియా బీ వస్తుంది. రుమైథియాలో ఒక ఇంట్లో వంట చేసే అతని భార్యకు శుక్రవారం ఒక్కపూటే సెలవు. గ్రీజు వాసనొస్తే పక్కన కూర్చోనివ్వదని అతని బాధ.

"ఏం తేల్చినావన్నా? చిన్న ఇంజినా, పెద్దదా?" అని అడిగాను.

"శనివారం చెప్తా పో."

"ఇంగేముంది చెప్పేకి? నువ్వు చిన్నదే అంటావు. నీది ముసలోళ్ళ బుద్ధి."

"నీది ఎనుబోతు బుద్ధిరా ఓబులేసూ. ఎంత లావుంటే అంత గొప్పనుకుంటావు."

తడి చేతులు నా చొక్కాకు తుడిచి వెళ్ళిపోయాడు.

శుక్రవారం నమాజుకు బయల్దేరుతూ, బ్నీద్ అల్ గార్‌లోని తన గదిలో చెప్పులు వేసుకోబోయి, గ్యాస్ పట్టినట్టుందని మంచం మీద కూర్చున్నాడట. గదిలోవాళ్ళు సోడా తెచ్చేలోపల పక్కకు ఒరిగాడు. ఫోన్ వచ్చేసరికి నేను ఆ చొక్కానే ఉతుకుతున్నాను. "మాబు పోయినాడు" అన్నారు. "ఏ మాబు?" అని అడిగాను. నాకు తెలిసిన మాబు ఒక్కడే.

సులైబిఖాత్ ఖబరస్తాన్‌లో మట్టి ఇచ్చి వచ్చాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఏ మాబు? రాయచోటిలో లారీల కింద పని నేర్చుకుని, కువైట్‌కొచ్చి అమెరికా పాతకార్ల డాక్టరైన మాబు. ఇంజిన్ కుదిరిందో లేదో మీటర్లు చూసి తేల్చేవాడు కాదు. నడుస్తున్న ఇంజిన్ నెత్తిన, గాలి ఫిల్టర్ మూత మీద, చిన్న గ్లాసుతో టీ పెట్టేవాడు. టీ తొణక్కపోతే పని అయినట్టు. ఆ టీ అక్కడే నిలబడి తాగేవాడు. తొణికితే పారబోసి మళ్ళీ మొదటికొచ్చేవాడు.

అతను చేసిన చివరి బండి మా కఫీల్‌ది, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని అబూ నాసర్‌ది. డెబ్భయ్యో సంవత్సరపు షెవర్లే కారు, షెవెల్. వాళ్ళ నాన్న కొన్నది. బండితో పాటు వచ్చింది మూడు వందల యాభై నంబరు ఇంజిన్, అదే చిన్నది. మాబన్న దాన్ని విప్పి కొత్తదిగా చేసిపెట్టాడు. ఈలోగా అబూ నాసర్ ఎక్కడినుంచో అదే సంవత్సరపు పెద్ద ఇంజిన్, నాలుగు వందల యాభై నాలుగు, తెప్పించాడు. రెండూ స్టాండ్ల మీద పక్కపక్కనే నిలబడ్డాయి, పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టు. ఏది ఎక్కించాలో మాబన్నే చెప్పాలన్నాడు అబూ నాసర్. ఇద్దరూ కలిసి ఇరవై ఏళ్ళు పాతకార్లు చూశారు. అతని మాట దాటడు.

నేను పెద్దదాని పక్షం. వర్క్‌షాపుకు సామాన్లు తెచ్చిపెట్టే నాకు ఆ ఇంజిన్ గొంతు వింటే ఒళ్ళు పులకరించేది. మాబన్న నవ్వేవాడు. "ఆగస్టు ఎండలో సిగ్నల్ కాడ నిలబడితే రేడియేటర్ ఉడికిపోతాది. ముక్కు మీద అంత బరువేస్తే బండి తిరగమన్న తట్టు తిరగదు. అబూ నాసర్ బాబాకు అరవై దాటె. ఆయన కాలికి చిన్నదే చాలు." నెలల తరబడి ఇదే గొడవ.

ఆదివారం అబూ నాసర్ వచ్చాడు. ఇంజిన్ లేక ముక్కు పైకెత్తుకుని ఉన్న బండి దగ్గర చాలాసేపు నిలబడి, అరబీ, హిందీ కలిపి నాతో అన్నాడు. "గురువారం పొద్దున మాబుకు ఒక సంగతి చెప్పాను. ఈ బండి కొన్నరోజు నేను నాన్నతోనే ఉన్నాను. చిన్నపిల్లాణ్ణి. పెద్ద ఇంజిన్‌ది కావాలని ఏడ్చాను. నాన్న చిన్నదే చాలన్నాడు. ఇన్నేళ్ళకు ఆ పెద్దదాన్ని తెచ్చుకోవాలనిపించింది. మాబు విని, శనివారం చెప్తా బాబా అన్నాడు. నీకేమైనా చెప్పాడా?"

పోయినవాడి మాట పోగొట్టకూడదని మా పెద్దలు అంటారు. పెద్దది అనడానికి నోరు తెరిస్తే నా పంతం నెగ్గించుకున్నట్టే ఉంటుంది. అతను నెలల తరబడి అన్న మాటే చెప్పాను.

"చిన్నదే బాబా. ఎప్పుడూ చిన్నదే అనేవాడు."

అబూ నాసర్ పెద్ద ఇంజిన్ మీద చెయ్యి ఆనించాడు. "నాన్నా చిన్నదే అన్నాడు. మాబూ చిన్నదే అన్నాడు. ఖలాస్."

పెద్దదాన్ని ఆ వారమే ఎవరికో ఇచ్చేశాడు. చిన్నది ఎక్కింది. స్టార్ట్ చేసిన రోజు నేనే ఫిల్టర్ మీద టీ పెట్టాను. చుక్క తొణకలేదు. రజియా బీకి ఫోన్ చేసి చెప్పాను. "ఆయన చెప్పినట్టే చేసినారు గదా నాయనా, అంతే చాలు," అని ఏడ్చింది.

కానీ ఇంజిన్ ఎక్కినా బండి ముక్కు దిగలేదు. రెండు వేళ్ళ ఎత్తున అలాగే నిలబడింది. అలైన్‌మెంట్‌కని పక్కవీధిలో ఇమ్తియాజ్ దగ్గరికి తీసుకెళ్ళాను. అతనిది హైదరాబాదు. మాబన్న చనిపోయినప్పుడు సెలవు మీద వాళ్ళ ఊళ్ళో ఉన్నాడు, ముందురోజే కువైట్ తిరిగొచ్చాడు. బండి లేపి కిందికి దూరాడు.

"ఇదేంది భాయ్, చిన్న ఇంజినేసిన్రా?" అన్నాడు కింద నుంచే.

"మాబన్న చెప్పిందే ఏసినాం."

ఇమ్తియాజ్ బయటికొచ్చి నా ముఖం చూశాడు.

"ఈ ముంగటి స్ప్రింగులు పెద్దింజిన్‌వి, దాని బరువు మోసేటియి. చిన్నదానికి అణగవు. నేను ఫ్లైటెక్కే ముంగట, గురువారం మధ్యాహ్నం, మాబు నా దగ్గర్నే తీస్కపోయిండు. ఇయ్యాలే బిగిస్త అన్నడు. ఓబులేసుకు జెప్పకు, శనివారం వాని మొకం జూడాలె అన్నడు."