మిర్చి బస్తాల్లో వెళ్ళిన వాగు

2006 ఫిబ్రవరి. సిరోంచ బస్టాండు వెనక నా పంపుల రిపేరు షాపు అప్పటికే పాతబడింది. జింగనూర్ దారిలో వాగు ఒడ్డున మిర్చి వేసిన రాజన్న పొద్దున్నే బండి మీద వచ్చాడు.

"ఇంజన్ నడుస్తది గని నీళ్ళు గుంజుతలేదన్నా. ఆఖరి కాపు చేన్లనే ఉంది. జర జల్ది రావాలె."

అతని చేలో బావి దగ్గరికి వెళ్ళాను. పైపు అడుగున ఫుట్‌వాల్వ్ ఉంటుంది. ఎక్కిన నీరు కిందికి జారకుండా ఆపేది అదే. అది బాగుంది. లోపల తిరుగుతూ నీటిని తోసే ఇంపెల్లరూ బాగుంది. బావిలోకి టార్చి వేస్తే అసలు సంగతి తెలిసింది. నీరు పైపు మూతి కంటే కిందికి దిగిపోయింది.

"అయితే బోరు ఏపిస్త. సబ్‌మర్సిబుల్ దించు" అన్నాడు రాజన్న. నీటిలోనే మునిగి ఉండి పైకి తోసే పంపు అది. నా షాపులో ఒకటి అమ్మకానికి ఉంది కూడా.

అంతలో దిగువ గూడెం నుంచి లచ్చక్క ఖాళీ బిందెతో వచ్చింది. వాగు ఇసుకలో తవ్వుకున్న చెలిమె నీళ్ళే వాళ్ళు తాగేది.

"తమ్మీ, చెలిమె ఎండింది. ఎంత తోడినా తడి తగుల్తలేదు. ఇంజన్లు ఆపుండ్రి."

"నేనొక్కన్నే తోడుతున్ననా అక్కా? ఒడ్డు పొడుగూత మిర్చే గదా."

"గింత మిర్చి ఎవలు తింటరు?"

కల్లంలో కాయ చూస్తున్న వరంగల్ బేరగాడు జవాబు చెప్పాడు. "ఓడెక్కి ఎడారి దేశాలకు పోతదమ్మా. ఆడ పండిద్దామంటె నీళ్ళు లెవ్వు. అందుకే కొంటరు."

"అంటె మా నీళ్ళే పోతున్నయన్నట్టు" అంది లచ్చక్క.

రాజన్న నవ్వాడు. "ఎండిన కాయల నీళ్ళెక్కడియి?"

పక్క చేలో ఇంకా పోస్తున్న పైపు కింద డ్రమ్ము పెట్టించాను. రాజన్న బీడీ ముట్టించేలోపే అది నిండి పొర్లింది.

"నాటు పెట్టిన కాడి నుంచి గిట్లనే పోస్తున్నరు. కాయ బరువు చూస్తె తెల్వది గని, ఈ నీళ్ళన్ని దాన్ని పండియ్యడానికే పోయినయి. బస్తా అమ్మినంక తిరిగి రావు" అన్నాను. సబ్‌మర్సిబుల్ దించనని కూడా చెప్పాను.

"నువ్వు గాకుంటె ఇంకొకడు దించుతడు."

"దించుతడు. మరి లచ్చక్కోళ్ళు ఏం తాగాలె?"

రాజన్న ఆమె బిందె వైపు చూసి బీడీ పారేశాడు. సాయంత్రం ఒడ్డు రైతులందరినీ పిలిచింది అతనే. వంతుల వారీగా ఇంజన్లు పెట్టాలని, సాలు విడిచి సాలు తడపాలని తీర్మానించారు. రాజన్న చేను ఒక పక్క వాడిపోయింది. ఆ కోపంతో చాలా రోజులు నాతో మాట్లాడలేదు. చెలిమెలో మాత్రం మెల్లగా నీరు ఊరింది. మరుసటేడు అతను సగం చేలో తక్కువ నీళ్ళతో పండే పెసర చల్లాడు.

అప్పటి నుంచి ఎవరు పంపు అడిగినా ముందు రెండు సంగతులు అడుగుతాను: వేసేది ఏ పంట, దిగువన ఎవరున్నారు? కొందరు చిరాకుపడి వేరే షాపుకు వెళ్తారు. వెళ్ళనీ. పంపు ఎంత నీరు తోడుతుందో చెప్పడంతో మెకానిక్ పని అయిపోదని, ఆ నీరు ఎవరి వాటాలోంచి పోతోందో కూడా అడగాలని ఆ వాగు ఒడ్డునే నేర్చుకున్నాను.